ఏడు ఏడ పోయింది?

గోడకు మేకులు కొట్టి వేలాడదీసిన చార్టు ముందు మజహర్ నిలబడ్డాడు. తల ఒకసారి కుడికి వాల్చాడు, ఒకసారి ఎడమకు వాల్చాడు. ఆఖరికి వంగి కాళ్ల సందులోంచి చూస్తే ఎలా ఉంటుందో అని కూడా అనుకున్నాడు గానీ, వంటింటి గుమ్మంలో భార్య ఉందని ఊరుకున్నాడు. ఎటు చూసినా బొమ్మ మారలేదు.

కనీజ్ పిండి చేతులతోనే వచ్చి వెనక నిలబడింది.

“మంచిగనే గీసిండ్రు. ఒంటెనా?”

“ఒంటె గాదు, గంట. బడి గంట లెక్క రావాలె.”

“మరి గిదేంది? ఈ కొసకు తలకాయ, ఇక్కడొక మూపు, నడుమ గుంత, అటెనుక ఇంకొక మూపు. కాళ్లే తక్కువ.”

మజహర్‌కు కోపం రాలేదు. రావాలంటే ఆమె అన్నది తప్పై ఉండాలి కదా!

ఇంతకీ ఆ చార్టు సంగతి ఏమిటంటే, నిజామాబాద్ డిగ్రీ కాలేజీలో మజహర్ చెప్పే పాఠం స్టాటిస్టిక్స్. ఎవరి దగ్గర ఏది ఎంత ఉందో కూడి, భాగించి, మొత్తానికి లోకం తీరు ఇదీ అని చెప్పే లెక్క. మొన్న ఆదివారం తన తెలుగు మీడియం పిల్లలను వెంటేసుకుని బోధన్ దిక్కు చెరుకు తోటకు పోయి, ఒక్కో దుబ్బుకు ఎన్ని గడలు ఉన్నాయో రాయించుకొచ్చాడు. చార్టు కింది అంచున ఒకటి, రెండు, మూడు అని గడల అంకెలు. అన్ని గడలున్న దుబ్బులు ఎన్ని దొరికితే ఆ అంకె మీద అంత ఎత్తు దిమ్మె. ఏ తోటలోనైనా మరీ బక్క దుబ్బులు కొన్ని, మరీ బలిసినవి కొన్ని, నడిమి రకం బోలెడు ఉంటాయి. అందుకని దిమ్మెలు కొసల్లో పొట్టిగా, నడుమ పొడుగ్గా, గంట బోర్లించినట్టు రావాలి. ఇక్కడ ఆరు మీద దిమ్మె మినారులా లేచింది. ఎనిమిది మీద ఇంకోటి. మధ్యలో ఏడు మీద ఏమీ లేదు; ఊడిన పన్ను సందులా ఖాళీ. పైగా ఒకే ఒక్క గడ ఉన్న దుబ్బులు అన్నేసి ఎక్కడి నుంచి ఊడిపడ్డాయో గానీ, ఒకటి మీద ఒక దిమ్మె ఒంటరిగా నిలబడి ఉంది.

ఎల్లుండి యూనివర్సిటీ నుంచి బాపురావు సాబ్ వస్తాడు. వచ్చి ఈ తెలుగు మీడియం స్టాటిస్టిక్స్ క్లాసు పనికొస్తుందా, పనికిరాదా చూస్తాడు. పనికిరాదని ఒక్క మాట అన్నాడంటే వచ్చే జూన్ నుంచి క్లాసు ఎత్తేస్తారు. ఎత్తేస్తే అందులో ఉన్న తొమ్మిది మందీ ఇంగ్లీషు మీడియంలోకి పోవాలి. అక్కడ తప్పి వచ్చినవాళ్లే ఇక్కడ కూర్చున్నారు. అంటే పుస్తకం మూసి నాగలి పట్టాలి, లేదంటే అయ్య దుకాణంలో తూకం పట్టాలి. అటువంటి మనిషి ముందు ఈ ఒంటెను నిలబెట్టడం ఎలా?

“ఏడు గడలున్న దుబ్బులన్నీ పందులు తిన్నయేమో,” అంది కనీజ్.

“పందులు లెక్కపెట్టుకొని తింటయా?”

“ఏమో మరి. మీరు లెక్కపెట్టిండ్రు గద, అవి పెట్టవా?”

మజహర్ ఇలా తెలుగు పాఠాల్లో చిక్కుకుపోవడం కూడా ఒక అయోమయపు కథే. అహ్మదీ బజార్ వెనక గల్లీలో పుట్టాడు. తండ్రి ఊరిలో పేరున్న బావర్చీ. పెళ్లిళ్లకు గంగాళాలంత దేగుల కొద్దీ బిర్యానీ దించేవాడు. కొడుకు మాత్రం గరిటె పట్టకుండా అంకెలు పట్టాడు. బడి చదువంతా ఉర్దూలో అయింది. హైదరాబాద్‌లో పై చదువు ఉర్దూలో మొదలై ఇంగ్లీషులో ముగిసింది. నడుమ యాభైఆరులో రాష్ట్రమే మారింది. హాస్టల్లో రాత్రి పడుకున్నది ఒక రాష్ట్రంలో, పొద్దున లేచింది ఇంకో రాష్ట్రంలో. సొంత ఊరి కాలేజీలో కొలువు దొరికి, పన్నెండేళ్లు ఇంగ్లీషులో పాఠం చెప్పి, ఇక గట్టున పడ్డాననుకునే వేళకు తెలుగు మీడియం వచ్చిపడింది.

స్టాఫు రూములో ప్రిన్సిపాలు అడిగాడు: స్టాటిస్టిక్స్ తెలుగులో చెప్పడానికి ఎవరు ముందుకొస్తారని. అందరూ బల్ల మీద గీతలు చదువుకుంటూ కూర్చున్నారు. ఒక్క చెయ్యి లేచింది. అది మజహర్‌ది. ముక్కు మీద వాలిన ఈగను తోలబోయాడు పాపం.

“శభాష్ మజహర్ సాబ్!” అని ప్రిన్సిపాలు లేచి వచ్చి, ఆ చేతినే పట్టుకుని ఊపాడు. ఊపుతున్న చేతిని ఈగ కోసం ఎత్తానని ఎలా చెబుతాడు? చెప్పలేదు.

బజారు తెలుగు నాలుక మీద ఆడుతుంది గానీ, పుస్తకం తెలుగు చూస్తే మజహర్‌కు అడవిలో దిగబెట్టినట్టయింది. మొదటి రోజు బోర్డు మీద ‘మధ్యగతం’ అని కూడబలుక్కుని రాశాడు. వెనక బెంచీ నుంచి భూమన్న లేచాడు. ఎడపల్లి దగ్గరి చెరుకు రైతుల పిల్లవాడు, మనిషి తాటి మొద్దు, గొంతు డప్పు.

“సార్, మధ్యగతం అంటే నడిమిట్ల గతించినోడా?”

క్లాసంతా గొల్లుమంది. మజహర్ ఒక్క క్షణం బిక్కచచ్చిపోయి, “బయటికి నడువుండ్రి,” అన్నాడు. కోపమొచ్చి తరిమేస్తున్నాడనుకున్నారు. ఆయన వాళ్లను వరండాలో ఎత్తు ప్రకారం వరుసగా నిలబెట్టాడు. అటు నలుగురు, ఇటు నలుగురు, నడుమ మిగిలిన ఇషాక్‌ను భుజం పట్టి ముందుకు లాగాడు.

“గీయనే మధ్యగతం. గతించలే, చూసుకోండ్రి, సక్కగ ఉన్నడు.”

ఇషాక్ నిజామాబాద్ పిల్లవాడే. అయ్యకు గడియారాలు బాగుచేసే దుకాణం. వేళ్లు సన్నం, రాత ముత్యాల కోవ. ఆ రోజు నుంచి కాలేజీలో వాడి పేరు మధ్యగతమే అయింది. ‘ఏమిరా మధ్యగతం, చాయ్ తాగినవా?’ అని అడిగేవాళ్లు.

అలా మొదలైంది. పుస్తకంలో మాట అర్థం కాలేదా, మజహర్ దాన్ని వస్తువుగా మార్చేసేవాడు. గూటానికి కట్టిన బర్రెను చెప్పి, గూటం సగటు, బర్రె గూటానికి ఎంత ఎడంగా మేస్తే అంత విచలనం అనేవాడు. “తాడు తెంపుకొని పోతే సార్?” అని భూమన్న అడిగితే, “గప్పుడు దాన్ని లెక్కల నుంచి కొట్టేసుడు గాదు బిడ్డా, ఎందుకు తెంపుకున్నదో పోయి చూడాలె,” అనేవాడు. నమూనా పాఠం రోజున అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు చూస్తే చాలని భూమన్న అంటే, ఆయనలో తండ్రి రక్తం పొంగింది. “మీ ఇంట్ల కుండకు చాలు. మా బాబా దేగుకు చాలదు. పైమెతుకు ఉడికినా అడుగు మాడి ఉంటది. పైన, నడుమ, అడుగున, మూడు తావుల చూడాలె,” అని మర్నాడు నిజంగానే ఒక చిన్న దేగు రిక్షాలో వేయించుకుని వచ్చాడు. ఆ రోజు పాఠం వినడానికి చరిత్ర పిల్లలు, తెలుగు పండితుడు, గేటు కాడి జవాను కూడా వచ్చారు. తోటి లెక్చరర్లు మాత్రం “ఏం మజహర్ సాబ్, ఇయ్యాల పాఠమా, పెండ్లి వలీమానా?” అని ఎకసెక్కాలాడారు. నవ్వితే నవ్వారు, పిల్లలు పారిపోకుండా క్లాసులో కూర్చుంటున్నారు కదా అని ఆయన ఊరుకున్నాడు.

చెరుకు తోట ఆలోచన అటువంటిదే. బోధన్ రైలెక్కి, ఎడపల్లిలో దిగి, భూమన్న నాయనమ్మ భూమవ్వ చేనుకు పోయారు. తోటలో దూరి దుబ్బుదుబ్బుకూ గడలు లెక్కపెట్టే పని భూమన్నకు అప్పజెప్పాడు. ఆకు కోత ఓర్చుకునేది వాడే, గొంతు బయటికి వినబడేదీ వాడిదే. చేను ఒడ్డు మీద కూర్చుని, విన్న అంకె రాసే పని ఇషాక్‌ది. మిగిలిన పిల్లలు గడల పొడవు కొలిచారు, కొలిచిన దానికన్నా ఎక్కువ నమిలారు. లోపలి వాడు బయటికి కనబడడు, బయటి వాడు లోపలికి కనబడడు. వాడు అరుస్తాడు, వీడు రాస్తాడు. ఇందులో తప్పు దొర్లే సందు ఏముందని మజహర్ ధీమా.

మరి ఏడు ఏమైంది?

చార్టు చూసుకున్న మర్నాడు క్లాసులో ఇద్దరినీ నిలబెట్టి అడిగాడు.

“భూమన్నా, ఏడు గడల దుబ్బు ఒక్కటి గూడ తాకలేదారా నీకు?”

“శానా తాకినయ్ సార్. అన్నిట్ల కెల్ల గవ్వే ఎక్కువ. గొంతు పోయేదాక పిలిచిన.”

“అబద్ధం!” అని ఇషాక్ లేచాడు. “ఒక్కసారి గూడ పిలువలే సార్. నా చెవులు సాఫ్ ఉన్నయ్. అల్లా కసమ్.”

“పోశమ్మ తోడు, పిలిచిన!”

“పిలిస్తే నేనెందుకు రాయను? ఏడు రాస్తే నా కలం అరుగుతదా?”

“నువ్వు చెరుకు నములుకుంట కూసున్నవ్. నములుతుంటే చెవులు మూసుకపోతయ్.”

“నువ్వు లోపల పన్నవ్. పండుకొనే అంకెలు పిలిచినవ్!”

నిన్నటి దాకా ఒకే సైకిల్ మీద తిరిగిన పిల్లలు కొట్టుకునే దాకా వచ్చారు. మజహర్ నడుమ దూరి విడదీశాడు గానీ, ఆయన బుర్ర ఆగమాగమైంది. ఇద్దరూ ఒట్టు పెట్టారు. ఇద్దరి కళ్లలోనూ అబద్ధం లేదు. పిలిచిన వాడు నిజం, వినని వాడు నిజం. మరి నడుమ గాలిలో ఆ ఏడును ఎవరు పట్టుకుపోయారు? రెండు రకాల విత్తనం కలిసిందేమో, సగం చేను నల్లరేగడి, సగం ఎర్ర చెల్క ఏమో అని ఏవేవో కారణాలు అల్లుకున్నాడు. ఏ కారణమూ ఏడును మాత్రమే ఏరుకుని మాయం చేసేది కాదు.

బాపురావు సాబ్ అనుకున్న రోజుకు అనుకున్న గంటకు దిగాడు. పొట్టి మనిషి, తెల్లటి కోటు. హైదరాబాద్‌లో స్థిరపడ్డ మరాఠీ కుటుంబం వాళ్లది. మాట పుల్లవిరుపుగా ఉంటుంది గానీ లోపల పిసరంత తడి లేకపోలేదని చెప్పుకుంటారు. దేగు కథ విన్నాడు, బర్రె కథ విన్నాడు, రెండుసార్లు నవ్వాడు కూడా. మజహర్ గుండె కుదుటపడుతున్నంతలో ఆయన చూపు గోడ మీది చార్టు మీద పడింది. దాచిపెడదామా అని మజహర్ రాత్రంతా అనుకుని, దాచితే అది అబద్ధమాడినట్టేనని పొద్దున తనే తెచ్చి తగిలించాడు.

“ఏడు ఏడ పోయింది, మజహర్ మియా?”

బాపురావు వేలు ఒకటి మీది దిమ్మెకు జరిగింది.

“ఒక్క గడకు దుబ్బు అని పేరా? అవి గిన్ని ఉన్నయా ఆ చేన్ల? సూడు, నేను ముప్పై ఏండ్లసంది పిల్లల లెక్కలు దిద్దుతున్న. చేన్లకు పోకుంట చెట్టుకింద కూసొని మనసుకొచ్చినట్టు రాస్తే గిట్లనే ఉంటది. కథలు మంచిగ చెప్తున్నవ్. కాని లెక్కనే కల్పిస్తే కథలెందుకు? గీ క్లాసు నడుపుమని నేనెట్ల చెప్పాలె?”

భూమన్న తల వంచుకున్నాడు. ఇషాక్ వాడి వైపు కొరకొరా చూశాడు. తొమ్మిది మంది చదువు ఆ ఖాళీ సందులోకి జారిపోతున్నట్టే అనిపించింది మజహర్‌కు.

“సాబ్, నాక్కూడ సమజ్ అయితలేదు,” అన్నాడు. “ఏడు ఏడ పోయిందో నాకు ఎర్కలేదు. కాని పిల్లలు చేన్లకు వచ్చిండ్రు, నేను చూసిన. రేపు పొద్దుగాల బోధన్ బండి ఉన్నది. మీరు గూడ రాండ్రి. మీ చేతులతోటి మీరే రాసుకోండ్రి. అప్పటికి గూడ ఏడు రాకపోతే, క్లాసు బందు చేయుమని చెప్పుండ్రి. నేను ఏమన.”

బాపురావు తన తెల్ల కోటు వైపు చూసుకున్నాడు.

“చెరుకు తిననిస్తరా?”

“తిన్నంత సాబ్!” అని భూమన్న తల ఎత్తాడు.

చేను గట్టున చెట్టు కింద భూమవ్వ గొంగడి పరిచింది. మనిషి ఎండిన మిరపకాయలా ఉన్నా ఘాటు తగ్గలేదు. “మొన్న తిన్నది చాలలేదా సారూ, పట్నం సారును గూడ తోలుకొచ్చినవ్?” అని మజహర్‌ను ఆడిపోసుకుంటూనే అందరికీ గడలు నరికి ఇచ్చింది. మజహర్ ఈసారి ఏర్పాటు కొంచెం మార్చాడు. ఒడ్డు మీద బాపురావు సాబ్, ఇషాక్ ఎడంగా కూర్చుని, ఒకరిది ఒకరు చూడకుండా ఎవరి కాగితం మీద వాళ్లు రాయాలి. భూమన్న లోపల. మొన్న తను ఒడ్డు మీదే ఉండిపోయాడు. ఇవాళ టెరిలిన్ ప్యాంటు చిరిగితే చిరిగిందని భూమన్న వెనకే తోటలో దూరాడు.

ఆకులు మెడ మీద గీరుతున్నాయి. భూమన్న ఒక్కో గడ మీద చెయ్యి వేసి నోట్లోనే గొణుక్కుంటున్నాడు, ఆఖరి అంకె మాత్రం గొంతెత్తి అరుస్తున్నాడు. “ఐదూ!” “తొమ్మిదీ!” “ఆరూ!” మజహర్ కూడా వెనక నుంచి తన లెక్క తను పెట్టుకుంటున్నాడు, చిన్నప్పుడు నేర్చిన ఉర్దూలో. ఇద్దరి లెక్కా కలుస్తోంది. ఒక దుబ్బు దగ్గరికి వచ్చారు. ఏక్, దో, తీన్, చార్, పాంచ్, ఛే, సాత్. ఏడు! దొరికింది దొంగ! చెవులు రిక్కించి భూమన్న నోటి దగ్గరికి వంగాడు.

“లాభం, రెండు, మూడు, నాలుగు, ఐదు, ఆరు...” అని గొణిగి, భూమన్న గొంతెత్తాడు: “ఆరున్నొక్కటీ!”

“ఆగు ఆగు. ఎన్ని?”

“ఆరున్నొక్కటి సార్.”

“మల్ల పెట్టు.”

“లాభం, రెండు, మూడు...”

“లాభమేందిరా నడుమ? ఇంక కొట్టనే లేదు, అమ్మనే లేదు, అప్పుడే లాభమెక్కడిది? ఒకటి ఏది?”

“గదే సార్ ఒకటి.”

“ఏది?”

“లాభం.”

మజహర్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. “సరే. ఈ దుబ్బుకు ఎన్ని గడలు? ఏడే గద?”

భూమన్న ఉలిక్కిపడి అటూ ఇటూ చూశాడు, సారు నోట బూతు వచ్చినట్టు. “మెల్లగ సార్! నాయనమ్మ ఇంటది.”

“ఏమి ఇంటది?”

“మీరన్నది.”

“నేనేమన్న? ఏడు అన్న.”

ఆకులు గలగలలాడాయి. భూమవ్వ కొడవలితో సహా దూసుకొచ్చింది. “ఎవడ్రా నా చేన్లకొచ్చి ఏడు ఏడు అనేది? ఎవరు పోయిండ్రని ఏడ్వాలె? పండే కాడ గా మాట అంటరా ఎవరన్న?”

మజహర్ అక్కడే కూలబడ్డాడు. అప్పటికి సగం అర్థమైంది, సగం కాలేదు. భూమవ్వే సాంతం చెప్పింది, కొడవలి మొన గాలిలో ఆడిస్తూ. కల్లంలో వడ్లు కొలిచేటప్పుడు గానీ చేలో ఏది లెక్కపెట్టినా గానీ ఒకటి అనరు, ఒక్కటే మిగిలిపోతుందని. లాభం అని మొదలుపెడతారు. ఆరు తరవాతి అంకె నోట రానివ్వరు, అది ఏడుపు మాట. ఆరున్నొక్కటి అని దాటేసి ఎనిమిదికి పోతారు. “మా అత్త నాకు చెప్పింది, నేను వీనికి చెప్పిన. గిది గూడ తెల్వకుంటనే లెక్కల సారువైతివా బిడ్డా?” అని నవ్వింది.

“మరి నాకెందుకు చెప్పలేదురా?” అన్నాడు మజహర్ భూమన్నతో.

“మీరు అడిగితే చెప్పిన గద సార్, పిలిచిన అని.”

“కాలేజీల నువ్వు ఏడు అంటవా, అనవా?”

“అంట సార్. కాలేజీల ఏం పండుతదని?”

మజహర్ చప్పున లేచి, ఆకులు మొహాన కొట్టుకుంటున్నా లెక్కచేయక ఒడ్డు మీదికి ఉరికాడు. ఇషాక్ కాగితం చూశాడు. తొమ్మిది, దాని కింద ఆరు, మళ్లీ ఆరు, దాని కింద ఒకటి. ఆరున్నొక్కటి అని భూమన్న సాగదీసి అరిస్తే, ఆరు ఒక దుబ్బు, ఒకటి ఇంకో దుబ్బు అని రాసుకున్నాడు పిల్లవాడు. ఒక్క ఏడు రెండు ముక్కలై, ఒక ముక్క ఆరు మీద ఎక్కి కూర్చుంది, ఇంకో ముక్క ఒకటి మీద. మినారూ, ఒంటరి దిమ్మే, నడుమ గుంతా అన్నీ ఆ ఒక్క అరుపులోంచి పుట్టాయి. వీడు చెవిటివాడూ కాదు, వాడు అబద్ధాలకోరూ కాదు.

అప్పుడు బాపురావు సాబ్ కాగితం వైపు తల తిప్పాడు. ఆయన దాన్ని మెల్లగా బోర్లించబోయాడు గానీ, ఇషాక్ కళ్లు అప్పటికే దాని మీద పడ్డాయి.

“తొమ్మిది, ఆరు, ఆరు, ఒకటి! సాబ్, మీరు గూడ నా లెక్కనే రాసిండ్రు. మీరు గూడ చెట్టుకిందనే కూసున్నరు గద!”

“నోరు మూయ్‌రా మధ్యగతం,” అన్నాడు మజహర్ భయపడి.

బాపురావు మొహం ముందు ఎర్రబడింది, తరవాత ఎటూ కాని రంగయింది. భూమవ్వ చెప్పిందంతా మజహర్ నోట మళ్లీ విన్నాడు. “గిదంత మూఢనమ్మకం మియా. చదువుకునే పిల్లలు గిట్ల అంటే ఎట్ల?” అన్నాడు. కానీ గొంతులో నిన్నటి పుల్లవిరుపు లేదు.

“ఎట్ల అంటే నేనేం చెప్పాలె సాబ్? మా ఇంట్ల గూడ దుకానం మూసినం అనం, బఢాయించినం అంటం. దావత్ అయినంక మా బాబా కింద పరిచిన దస్తర్‌ఖాన్ గుడ్డ తీయుమనడు, బఢావో అంటడు. పెంచుమంటడు! నేను పుట్టినసంది ఇంటున్న. ఒక్కనాడు గూడ ఇదేం ఉల్టా మాట అని అడగలే.”

బాపురావు చేతిలో గడను కొస దాకా నమిలాడు.

“మా అమ్మ, మా ఆయి గూడ పోయేటప్పుడు పోతున్న అనేది గాదు,” అన్నాడు చివరికి. “వస్తున్న అనేది. హాస్పిటల్‌కు తోలుకపోయిన నాడు గూడ యేతే అన్నది నాతోని.” తరవాత పిప్పి ఉమ్మాడు. “సరే. క్లాసు నడువని. వచ్చే జూన్ల గూడ పిల్లలను చేర్చుకో. నేను చెప్తా అక్కడ. కాని మియా, గీ చేను లెక్క సరిగ్గ తీసిందాక నేను బండి ఎక్క. ఏడు కనబడాలె నాకు.”

తొమ్మిది మందీ ఒక్కసారి కేక వేశారు. భూమవ్వ ఏమయిందో ఏమోనని కొడవలి పట్టుకుని మళ్లీ పరిగెత్తుకొచ్చింది.

తీరా లెక్క మళ్లీ మొదలుపెట్టబోతే పెద్ద చిక్కు వచ్చిపడింది. ఆరున్నొక్కటి అంటే మళ్లీ రెండు ముక్కలవుతుందేమోనని రాసేవాళ్ల భయం. అసలు మాట అననని భూమన్న మంకు. నాయనమ్మ వినదులేరా అంటే, చేను వింటుంది అంటాడు! ఇషాక్ చేతుల చెరుకు జిగురు కడుక్కోవడానికి కాలువకు పోయాడు. మజహర్ తల గోక్కున్నాడు.

“సాత్ అను పో. మా మాటల.”

భూమన్న నాయనమ్మ వైపు చూశాడు.

“సాత్ అంటే ఏంది సారూ?” అంది భూమవ్వ అనుమానంగా.

మజహర్ నోరు తెరిచేలోగా ఆమే జవాబు చెప్పేసుకుంది. “సాత్ సాత్ పోయిండ్రు అంటరు గద తురకపోళ్లు. తోడుగ ఉండుడే గద? అను బిడ్డా, మంచి మాటనే.”

తోడు అనే సాథ్ వేరు, ఏడు అనే సాత్ వేరు అని విప్పిచెప్పబోయి, మజహర్ నోరు మూసుకున్నాడు.

భూమన్న తోటలోకి దూరాడు. ఒడ్డు మీద బాపురావు, ఇషాక్, ఈసారి మజహర్ కూడా కలాలు పట్టుకుని కూర్చున్నారు. “ఐదూ!” రాశారు. “ఎనిమిదీ!” రాశారు. కొంచెంసేపు ఆకుల చప్పుడు తప్ప ఏమీ లేదు. తరవాత తోట దద్దరిల్లేలా వినిపించింది.

“సాథ్!”

బాపురావు సాబ్ సంబరంగా ఏడు వేశాడు. మజహర్ వేశాడు. ఇషాక్ మాత్రం కలం పక్కన పెట్టి, చొక్కా చేతులు పైకి మడుచుకుంటూ లేచి నిలబడ్డాడు.

“ఏందిరా?” అన్నాడు మజహర్.

“తోడు రమ్మంటున్నడు గద సార్? పాము గిట్ల తాకిందేమో!” అని ఇషాక్ చెప్పులు విడిచి, తోటలోకి పరుగు తీశాడు.